జాలారిపేట ఎదుట కూలిన విమానం

జరిగిన ప్రమాదాన్ని పట్టించుకోవడం ఏ వ్యవస్థకైనా చేతనయ్యే పనే. జరగని ప్రమాదాన్ని కూడా అంతే శ్రద్ధగా పట్టించుకోగలిగినప్పుడే ఒక సమాజం నిజంగా ముందుకు పోయిందని ఒప్పుకోవాలి. ఆ విధంగా చూస్తే ఈ జూన్ నెలలో విశాఖపట్నం ప్రపంచంలోని మహానగరాలన్నిటినీ దాటి వెళ్లిపోయింది. (అవి ఇంకా జరిగిన వాటి దగ్గరే ఆగి ఉన్నాయి.)

ఈ ఘనతకు మూలపురుషుడు శ్రీరామ్మూర్తి గారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఆయన పాత చిత్రాల మిత్రమండలి అనే సంస్థను స్థాపించారు. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, చాలా ఆదివారాలు ఏకైక ప్రేక్షకుడు కూడా ఆయనే. ప్రేక్షకుల కొరత తీర్చుకుందామని ఆయన ఒక సాయంత్రం మత్స్యకారులుండే జాలారిపేట ఇసుకలో రెండు వెదురు గడలు పాతి, మధ్యన ఇంట్లోని నీలి పూల అంచు తెల్ల దుప్పటి కట్టి, సముద్రాన్ని వెనక పెట్టుకుని సినిమా వేశారు. అది ఏనాటిదో ఇంగ్లీషు సినిమా, తెలుగులోకి డబ్బింగ్ చేసింది. పేరు పెద్దది, దుప్పటి చిన్నది కావడంతో 'మహా విమాన' అన్నంతవరకే బట్ట మీద పడింది. మిగతాది సముద్రం మీద పడింది.

కథ సులువే. ఒక పెద్ద విమానం. అందులో పిల్లిని ఒళ్లో పెట్టుకున్న జమీందారిణి, చూపు పోతున్న పియానో విద్వాంసుడు, ఒకే సంకెలకు రెండు చివర్లలో ఉన్న దొంగ, పోలీసు, ఇంకా ఇలాంటి వాళ్లే. ఇంజిన్ అంటుకుంటుంది. విమానం సముద్రంలో పడుతుంది. పదకొండు మంది రెక్క మీదకెక్కి చేతులు ఊపుతుంటారు. కెప్టెన్ మాత్రం లోపలే ఉండిపోయి, "భయపడకండి ప్రజలారా! నా విమానం మునుగుతుంది గానీ నా మాట మునగదు!" అని మునిగిపోతాడు.

జాలారిపేట జనం దీన్ని సినిమాలా చూడలేదు. సముద్రంలో మనుషులు పడితే ఏం చెయ్యాలో వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. "ఓలమ్మో! ముందు ఆ ముసల్దాన్ని దించండ్రా! పిల్లికేటి, అదే ఈదుకుని ఒచ్చెత్తాది!" అని చేపలమ్మే చిట్టమ్మ ఇసుకలో నిలబడి దుప్పటి మీద కేకలేసింది. ఆమె వెనకాల పేట పేటంతా కేకలేసింది.

సరిగ్గా ఆ కేకలప్పుడే చిట్టమ్మ మొగుడు ఎల్లాజీ, తమ్ముడు దొరబాబు ఫైబర్ బోటులో ఒడ్డుకు వస్తున్నారు. రెండు నెలల వేట నిషేధం ఎత్తేశాక అది వాళ్ల మొదటి వేట. తెర పల్చటి దుప్పటి కాబట్టి సినిమా సముద్రం వైపు నుంచి కూడా కనిపిస్తోంది. కాకపోతే కుడిది ఎడమగా, ఎడమది కుడిగా. సినిమాలూ మనుషులూ తిరగబడి కనిపిస్తే గుర్తుపట్టడం కష్టం. దొరబాబుకు ఒక విమానం, మంట, రెక్క మీద మనుషులు, పేటంతా గోల కనిపించాయి.

"బావా! ఇమానం పడిపోనాది బావా!"

"ఎక్కడ్రా?"

"అదిగో, మన పేట కాడే! రెక్క మీద నిలబడి ఏడత్తన్నారు, సూడు!"

ఎల్లాజీ తలెత్తి చూశాడు. కాసేపు అతను కూడా నమ్మేశాడు. తర్వాత విమానం మూలన నీలిరంగు పూల అంచు కనిపించింది. "ఓరి నీ ఎర్రితనం కూల! అది శ్రీరామ్మూర్తి గారి దుప్పటిరా!"

"అలాగేటి?" అన్నాడు దొరబాబు నీరసంగా. "నాను ఎర్రబొత్తాం నొక్కీసినాను బావా."

ఎర్రబొత్తాం 'కెరటం' యాప్‌లోది. ఈ యాప్‌ను తీర ఆపద సమన్వయ కేంద్రం వారు తయారుచేయించారు. ఇది ఫోన్లో లేకపోతే డీజిల్ రాయితీ రాదు కాబట్టి మత్స్యకారులందరూ దీన్ని స్వచ్ఛందంగా పెట్టుకున్నారు. బొత్తాం నొక్కగానే అది ఏం ప్రమాదమని అడిగింది. దొరబాబు విమానం బొమ్మ నొక్కాడు. ఎంతమంది అని అడిగింది. రెక్క మీద లెక్కపెట్టి పదకొండు అని కొట్టాడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఎల్లాజీ ఫోను లాక్కుని రద్దు నొక్కాడు. యాప్ మర్యాదగా జవాబిచ్చింది: "ప్రమాదాన్ని రద్దు చేసే హక్కు బాధితులకు మాత్రమే కలదు. మీరు బాధితులైతే మీ ఆధార్, ఓటీపీ నమోదు చేయగలరు."

మర్నాడు పొద్దున పేటలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. తెరల మీద సముద్రం బొమ్మ, అందులో ఎర్రటి వృత్తం. 'విమాన గాలింపు ప్రాంతం. బాధితులు దొరికే వరకు ఇతరులకు ప్రవేశం లేదు. అతిక్రమించిన బోట్ల రిజిస్ట్రేషను రద్దగును.' పేట నుంచి ఏ బోటు కదిలినా మొదట కదలాల్సింది ఆ వృత్తంలోకే. రెండు నెలలు ఒడ్డున బోర్లా పడుకున్న బోట్లు ఒక్కరోజు తిరగబడి, మళ్లీ బోర్లా పడుకున్నాయి. ఆ వారం కవ్వళ్ల చేపల గుంపు ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చింది. ఇసుకలో నిలబడితే నీళ్లలో వెండి మెరుపు కనిపించేది. వలలు బాగుచేసుకుని, ఇంజిన్లకు నూనె పట్టించుకుని, పిల్లలకు బడి బట్టలు ఈ వేటతోనే అనుకున్న జనం ఆ మెరుపు చూస్తూ కూర్చున్నారు. దొరబాబుతో ఎవరూ మాట్లాడలేదు. వాళ్ల అమ్మ కూడా గిన్నె నేల మీద పెట్టి పోయిందే గాని, చేతికివ్వలేదు.

"పదండి. ఆ కేంద్రమేటో సూసొద్దాం," అంది చిట్టమ్మ.

తీర ఆపద సమన్వయ కేంద్రం పెందుర్తిలో ఉంది. పెందుర్తికి తీరం లేదు. సముద్రం ఎదురుగా ఉంటే సిబ్బంది దృష్టి మరలుతుందని నిపుణులు సూచించడంతో, కొత్త కాలనీలో ఒక మేడ మీద, మందుల దుకాణం పైన దాన్ని నెలకొల్పారు. చిట్టమ్మ, ఎల్లాజీ, సాక్షిగా శ్రీరామ్మూర్తి గారు రెండు బస్సులు మారి అక్కడికి చేరారు. గోడకు వరుసగా లైఫ్ జాకెట్లు వేలాడుతున్నాయి. పాడవకుండా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు.

కేంద్రం సంచాలకులు నరసింహమూర్తి గారు మంచి మనిషి. లంచం ముట్టరు, నిబంధన దాటరు. (మొదటి గుణం వల్ల ప్రజలకు కలిగిన లాభాన్ని రెండో గుణం సరిచేస్తూ ఉంటుంది.) ఆయన అందరినీ కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు.

"బాబూ, అక్కడ ఇమానమేటీ పడనేదు," అంది చిట్టమ్మ. "అది సినిమా."

"కూలలేదని మీరెలా చెప్పగలరమ్మా? మీరు విమానయాన నిపుణులా?"

"నానక్కడే ఉన్నాను కదండి! సూసినాను!"

"ఏం చూశారు?"

"ఇమానం పడిపోవడం."

నరసింహమూర్తి గారు పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందున్న కుసుమకుమారి వైపు తిరిగి, "ప్రత్యక్ష సాక్షి, ఒకరు," అన్నారు. ఆమె టైపు చేసింది.

శ్రీరామ్మూర్తి గారు కంగారుగా లేచారు. "సార్, సినిమా అనడానికి నా దగ్గర ఆధారముంది. ఇదిగో డిస్కు. విమానంలో ఎవరేం మాట్లాడారో మొత్తం ఇందులో ఉంది."

సంచాలకుల ముఖం వెలిగిపోయింది. "ఏమ్మా కుసుమా! బ్లాక్ బాక్స్ దొరికిందమ్మా!"

డిస్కును రెండు చేతులతో అందుకుని, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక మిగిలింది బాధితులే. ఆ విమానంలో ఉన్నవారు ప్రస్తుతం ఎక్కడున్నారని ఆయన అడిగారు.

"ఎక్కడి నటులండి, ఎప్పటి సినిమా!" అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "వాళ్లలో చాలామంది పోయుంటారు."

నరసింహమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పోయారా," అన్నారు. "అంటే ఇది ప్రాణనష్టంతో కూడిన ప్రమాదం. కుసుమా, హోదా పెంచమ్మా."

కుసుమకుమారి ఏదో నొక్కింది. ఎల్లాజీ జేబులో ఫోను మోగింది. ఎర్ర వృత్తం రెట్టింపైంది. ఇప్పుడు దాని అంచు భీమిలి వైపు సగం దూరం పోయింది.

మెట్లు దిగుతూ ఎల్లాజీ ఫోను చూపించాడు. "సిట్టీ, మనం ఇంకా రెండు మాటలు మాటాడుంటే బంగాళాఖాతం మొత్తం మూసేసుందురే," అన్నాడు. వెనకనుంచి చెప్పుల చప్పుడైంది. కుసుమకుమారి.

"అమ్మా, సారు చెడ్డవారు కాదు. నేను చెప్పి చూశాను, వినలేదు. కేసు మూయాలంటే పదకొండు మంది నీళ్లలోంచి రావాలి, ఓటీపీ చెప్పాలి. వచ్చిందెవరో ఆ యాప్ అడగదు." ఆమె అటూ ఇటూ చూసింది. "తడిసుంటే చాలు."

చిట్టమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. ఆ తర్వాత వచ్చిన నవ్వు మందుల దుకాణం దాటి, బస్టాపు దాకా ఆగలేదు. "పదకొండు మందే కదేటి! మా ఈదిలోంచి పెళ్లికెల్తే బస్సు సాలదు!"

ఆ సాయంత్రం పేట రామమందిరం అరుగు మీద బాధితుల ఎంపిక జరిగింది. విమాన ప్రమాదంలో చిక్కుకోవడానికి అంత పోటీ ఉంటుందని ఎవరూ ఊహించలేదు. పియానో విద్వాంసుడి స్థానానికి నలుగురు నిలబడ్డారు. పోలీసుగా ఉండటానికి అందరూ సిద్ధమే, దొంగగా ఉండటానికి ఒక్కడూ లేడు. చివరకు ఆ పదవి దొరబాబుకిచ్చారు. ఇచ్చినందుకు అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత జనం అతనితో మాట్లాడిన మొదటి మాట అదే. పేటలో అందరికన్నా పెద్దది సన్యాసమ్మ, జమీందారిణి పాత్ర ఆవిడదే. పిల్లి మాత్రం ఒప్పుకోలేదు.

గొడవ వచ్చింది శ్రీరామ్మూర్తి గారి దగ్గర. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, భుజాల మీద బంగారు రంగు రిబ్బను కుట్టించుకుని వచ్చారు. "కెప్టెన్‌ని నేనే. డైలాగులన్నీ నోటికొచ్చు."

"మీరు సచ్చిపోనారు కదండి," అంది చిట్టమ్మ.

"అది వీరమరణం!"

"అవుననుకోండి. సచ్చిపోనోళ్లు ఓటీపీ సెప్పనేరు కదండి మరి."

ఆయన చాలా నొచ్చుకున్నారు. చివరకు విమానయాన సంస్థ ప్రతినిధిగా ఒడ్డున నిలబడి, విచారం వ్యక్తం చేయడానికి అంగీకరించారు.

బాధితులు వృత్తంలోకి వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు, వాళ్లు అందులోనే ఉన్నట్టు లెక్క. వాళ్లను తీసుకెళ్లే ఎల్లాజీ బోటుకు మాత్రం అనుమతి కావాలి. కుసుమకుమారి దాన్ని 'విమాన శకలం' అని నమోదు చేసింది. మర్నాటి పొద్దున శకలం ఇంజిన్ స్టార్టు చేసుకుని, పదకొండు మంది బాధితులతో, పులిహోరతో బయల్దేరింది. పేటంతా ఒడ్డున నిలబడి చేతులూపింది. శ్రీరామ్మూర్తి గారు విచారం వ్యక్తం చేశారు.

కేంద్రానికి సొంత బోటు లేదు. (పెందుర్తిలో బోటెందుకని ఆడిట్ వాళ్లు అడిగారు.) అందుకని నరసింహమూర్తి గారు పర్యాటకులను తిప్పే బోటొకటి మాట్లాడుకుని, కుసుమకుమారితో వచ్చారు. దాని నిండా గులాబీ రంగు బెలూన్లు. విప్పే టైము లేకపోయింది. ఆయన తొడుక్కున్న లైఫ్ జాకెట్‌కు ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, అల వచ్చినప్పుడల్లా కరకరలాడుతోంది. సముద్రంలోకి రావడం ఆయనకు అదే మొదటిసారి. హార్బరు దాటేసరికే ముఖం పచ్చబడింది. అయినా వెనక్కి తిప్పమనలేదు. నిబంధన ప్రకారం రక్షించడానికి వచ్చినవాడు రక్షించే వెళ్లాలి.

బోటు కనిపించగానే ఎల్లాజీ, "దూకండి!" అన్నాడు. పదకొండు మందీ దూకారు. ఏడాదికి మూడొందల రోజులు సముద్రం మీద బతికే మనుషులు మునిగిపోతున్నట్టు నటించడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పియానో విద్వాంసుడు నవ్వాపుకోలేక ఉప్పునీళ్లు మింగి, ఆ తర్వాత నిజంగానే దగ్గాడు. దొంగా పోలీసూ తువ్వాలుతో చేతులు కలిపి కట్టుకుని ఉండటంతో ఇద్దరూ ఒకచోటే గిరగిరా తిరిగారు. సన్యాసమ్మ వెల్లకిలా తేలుతూ, "బాబూ, బేగి రండి, నాకు మజ్జిగ టైమయిపోతంది," అని కేకేసింది.

ఒక్కొక్కరినే పైకి లాగారు. నరసింహమూర్తి గారు బోటు అంచు పట్టుకుని, మధ్యమధ్యలో అటు తిరిగి కక్కుకుంటూ, ఇటు తిరిగి ప్రశ్నలడిగారు. బాధితురాలిగా పైకొచ్చిన చిట్టమ్మ ఆయన వీపు నిమిరి, కొంగు ముడిలోంచి అల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది.

"మీ సీటు నంబరమ్మా?" అన్నారాయన అల్లం నములుతూ.

"కిటికీ పక్కన బాబూ."

పది ఓటీపీలు చకచకా వచ్చాయి. ఫోన్లన్నీ పులిహోర డబ్బాలో భద్రంగా ఉన్నాయి. పదకొండోది సన్యాసమ్మది. ఆవిడ ఆధార్‌కు ఉన్న ఫోను నంబరు ఎలమంచిలిలో ఉంటున్న కూతురు దుర్గది. ఈ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎలమంచిలి బజార్లో కూరగాయలు బేరమాడుతున్న దుర్గ ఫోనుకు ఒక మెసేజీ వెళ్లింది: 'విమాన ప్రమాదమునకు గురైన సన్యాసమ్మ గారి ఓటీపీ ఇది. ఎవ్వరికీ చెప్పరాదు.'

మెసేజీ కింద ఇచ్చిన నంబరు కుసుమకుమారిది, వెంటనే ఆమె ఫోను మోగింది. స్పీకర్ పెట్టకుండానే అందరికీ వినపడింది.

"ఓలమ్మా! మాయమ్మ! మాయమ్మకేటైపోనాది!"

"నానే మాటాడతన్నానే దుర్గా, ఏటీ అవనేదు!" అని సన్యాసమ్మ అరిచింది.

అటువైపు ఏడుపు టక్కున ఆగింది. "నువ్వా? నువ్వు ఇమానం ఎక్కినావా? నాకు ఒక్క ముక్క సెప్పకండా? పెద్దక్కకి సెప్పినావా?"

"ఎక్కనేదే! బోటెక్కినాను!"

"బోటెక్కితే ఇమానం పడిపోనాదంటారేటి? నిజం సెప్పు, పెద్దక్క తీసుకెల్లిందా నిన్ను? ఎప్పుడూ అంతే మీరు. నన్ను తిరపతి కూడా తీసుకెల్లనేదు!"

"ఓటీపీ సెప్పవే బాబూ!"

"ఎవ్వరికీ సెప్పద్దని రాసుంది. సెప్పను!"

ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఒక్క అంకెల ముక్క లేకపోతే వృత్తం అలాగే ఉంటుంది, కవ్వళ్లు వెళ్లిపోతాయి. నరసింహమూర్తి గారు తడబడుతూ లేచి, ఫోను అందుకున్నారు.

"అమ్మా దుర్గా, నేను తీర ఆపద సమన్వయ కేంద్రం సంచాలకుణ్ణి. మీ అమ్మగారు క్షేమంగా ఉన్నారు. నా ఎదురుగానే ఉన్నారు. నేనే చేత్తో పైకి లాగాను."

దుర్గ మళ్లీ ఏడ్చింది. ఈసారి వేరే రకం ఏడుపు. "నీకు పున్నెం ఉంటాది బాబూ," అంది. "మాయమ్మ జాగర్త. దానికి మోకాళ్ల నొప్పులు." తర్వాత అంకెలు ఒక్కొక్కటే చెప్పింది.

ఆయన ఫోను తిరిగిచ్చారు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఒక మనిషికి, నీ మనిషి బతికే ఉందని చెప్పడం ఆయనకు అదే మొదటిసారని కుసుమకుమారి తర్వాత చిట్టమ్మతో అంది. ఆయన కళ్లు తుడుచుకున్నారు గాని, సముద్రపు గాలి కావచ్చు.

వృత్తం మాయమైంది. ఆ క్షణాన ఒడ్డున ఎగిరిన కేక పెందుర్తికి వినపడి ఉండాలి. (అక్కడ వినేవాళ్లెవరూ లేరు, ఇద్దరూ బోటులోనే ఉన్నారు.) నలభై బోట్లు ఒక్కసారి నీళ్లలోకి దిగాయి. గులాబీ బెలూన్ల బోటుకు అటూ ఇటూ రేగిపోతూ, బాధితులకు ఈలలు వేస్తూ దాటిపోయాయి. సాయంత్రానికి పేట ఇసుక మొత్తం కవ్వళ్లతో తళతళలాడింది. దొరబాబుకు వాళ్లమ్మ చేపల పులుసు గిన్నె చేతికిచ్చింది. సంచాలకుల ఇంటికి ఒక బుట్ట వెళ్లింది. బహుమతులు పుచ్చుకోరాదన్న నిబంధన ప్రకారం ఆయన తిప్పి పంపారు. నిబంధనకు అవతల, గేటు దగ్గర, ఆయన భార్య మహేశ్వరి తీసుకున్నారు.

ప్రాణనష్టంతో కూడిన ప్రమాదంలో పదకొండు మందికి పదకొండు మందినీ కాపాడినందుకు కేంద్రానికి ప్రశంసాపత్రం వచ్చింది. కుసుమకుమారికి పదోన్నతి ఇచ్చి, ఆనందపురంలో కొత్తగా తెరిచిన కరవు విభాగానికి పంపారు. అనుభవం నుంచి పాఠం నేర్చుకోవాలని నరసింహమూర్తి గారు ఒక సంస్కరణ తెచ్చారు. ఇకమీదట ప్రతి ఫిర్యాదులోనూ ఆపద ఎలాంటిదో అడగడానికి ముందే, అది ఏ సినిమాలోదో అడగాలి. సినిమా పేరు చెప్పకుండా వృత్తం గీయరాదు, బోటు పంపరాదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఎల్లాజీ బోటు ఇంజిన్ ఆగిపోయింది. ఈసారి దుప్పటి లేదు. ఒడ్డు నుంచి సముద్రంలోకి గట్టి గాలి వీస్తోంది. బోటు లోపలికి కొట్టుకుపోతోంది, అలలు అంచుదాటి పడుతున్నాయి. దొరబాబు చేతులతో నీళ్లు తోడుతుంటే, ఎల్లాజీ ఎర్రబొత్తాం నొక్కాడు. కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి మాట్లాడింది.

"నమస్కారం. ఏ సినిమా అండి?"

"సినిమా కాదమ్మా! నాను ఎల్లాజీని! ఇంజినాగిపోనాది, నీళ్లొచ్చేత్తన్నాయి!"

"అర్థమైంది సార్. సినిమా పేరు?"

"సినిమా నేదమ్మా, నిజం!"

"'నిజం' అన్న పేరుతో ఇక్కడ చాలా కనిపిస్తున్నాయి సార్. పాతదా, కొత్తదా?"

ఎల్లాజీ ఫోను పెట్టేసి, చిట్టమ్మకు చేశాడు. ఆమె బజార్లో చేపల గంప అక్కడే వదిలేసి పరిగెత్తింది. పేటలోని సత్యం బోటు స్టార్టు చేయించి, వద్దంటున్నా తానూ ఎక్కింది. ఒడ్డు నుంచి చూపు ఆననంత దూరంలో వాళ్లు కనిపించేసరికి బోటు సగం మునిగి ఉంది. తాడు విసిరి కట్టి, ఒడ్డుకు లాక్కొచ్చింది. ఇసుక మీద మొగుణ్ణి, తమ్ముణ్ణి చెరొక చెంపదెబ్బా కొట్టి, అప్పుడు కూర్చుని ఏడ్చింది.

వాళ్ల ఫిర్యాదు కేంద్రంలో ఇప్పటికీ తెరిచే ఉంది. సినిమా పేరు అందిన మరుక్షణం రక్షక బోటు బయల్దేరుతుందని అధికారులు హామీ ఇచ్చారు.